ఓడెక్కని పదకొండు మంది

కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లో ట్రామ్ డిపో వెనక సందులో ఒక జిరాక్సు దుకాణం ఉండేది. అందులో సగం అద్దెకు తీసుకుని నేను ట్రావెల్ ఏజెన్సీ పెట్టుకున్నాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ధర్మతలాలో ఒక పెద్ద టికెట్ల ఆఫీసులో జీతానికి పనిచేశాను. ఆ ఆఫీసు ఎత్తేసినప్పుడు చేతిలో పెట్టిన డబ్బుతో ఒక బల్ల, ఒక కంప్యూటరు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాను. దుకాణం మిగతా సగంలో జిరాక్సు మిషను, దాని వెనక దాన్ని నడిపే బెంగాలీ ఆయన. అన్నలాంటివాడని దాదా అనేదాన్ని. ఆయనా నేనూ మధ్యాహ్నం ఒకరి దుకాణం ఒకరం చూసుకునేవాళ్లం.

మా నాన్న భీమిలి వైపు నుంచి వచ్చి ఇక్కడి డాక్‌లో క్రేను నడిపాడు. నేను పుట్టింది పోర్టు క్వార్టర్లలోనే. పెళ్లి చేసుకున్నదీ, ఆదివారం వెళ్లే తెలుగు చర్చీ అన్నీ ఆ చుట్టుపక్కలే. కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్లు. అది మంచి విషయమని అప్పుడు అనుకునేదాన్ని.

ఓడ ప్రయాణాల జోలికి నేను సరదాకి వెళ్లలేదు. విమానం టికెట్ల మీద కమిషన్ ఇవ్వడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. రైలు టికెట్టు తీసిపెడితే వచ్చేది టీ ఖర్చు. విశాఖపట్నం వెళ్లేవాళ్లు, వైద్యానికి దక్షిణాదికి వెళ్లేవాళ్లు రోజూ వచ్చినా వాళ్ల మీద దుకాణం అద్దె వెళ్లదు. ఓడల మీద మాత్రం ఇంకా కమిషన్ ఉండేది. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ప్రయాణాలు అమ్మే ఒక విదేశీ కంపెనీ తరఫున ముంబైలో ఒక సేల్స్ మనిషి ఉండేవాడు. నెలకోసారి ఫోన్ చేసి హిందీలో బాగోగులు అడిగేవాడు. నన్ను 'పార్ట్‌నర్' అని పిలిచేవాడు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అలా పిలవలేదు. నిజం చెప్పొద్దూ, ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

మా చర్చిలో ఒక పెద్ద జంట ఉండేది. ఆయన షాలిమార్ గూడ్సు యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను బాబాయ్ అనేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు, మా నాన్న ఊరివాడు. పిన్ని నాకు సండే స్కూల్లో పాటలు నేర్పింది. పిన్ని తండ్రి కూడా డాక్‌లోనే పనిచేసేవాడట. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రికి క్యారియర్ తీసుకెళ్తే, రేవులో ఆగిన ఓడలో వంటవాడు లోపలికి రానిచ్చి, డబ్బాలోంచి తీసిన తియ్యటి పండుముక్క ఒకటి చేతిలో పెట్టాడట. అదేం పండో ఆమెకు తెలీదు. అరవై ఏళ్లయినా ఆ కథ చెప్పేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మలూ, నువ్వు ఓడల టికెట్లు కూడా అమ్ముతావంటగా?"

"అమ్ముతాను పిన్నీ."

"మాలాటోళ్లు ఎక్కొచ్చా? సూటూ బూటూ ఉండాలేటి?"

"చీర కట్టుకునే ఎక్కొచ్చు."

"అయితే మా యాభయ్యో పెళ్లిరోజుకి నేనూ మీ బాబాయీ ఎక్కుతాం. ఎంతవుతాదో చెప్పు."

చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. తరవాత, "నెలనెలా కడితే తీసుకుంటావా?" అంది.

అక్కణ్నుంచి మొదలైంది. పిన్ని స్త్రీల సమాజంలో నలుగురికి చెప్పింది, వాళ్లు ఇంకొందరికి చెప్పారు. చివరికి పదకొండు మంది తేలారు. రిటైరైన రైల్వేవాళ్లు, ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్లతోపాటు డాక్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఒకావిడ. తలకి నెలకి మూడు వేలు, పద్దెనిమిది నెలలు. ప్రతి నెలా మొదటి వారం ఒక్కొక్కరే నా దుకాణానికి వచ్చేవారు. బాబాయ్ షాలిమార్ నుంచి బస్సెక్కి, వంతెన దాటి, తనవీ పిన్నివీ ఆరు వేలు కవర్లో పెట్టుకుని తెచ్చేవాడు. రసీదు రాస్తుంటే తలకిందులుగా చదివి, తేదీ సరిగ్గా వేశానో లేదో చూసేవాడు. గుమాస్తా అలవాటు. ఒక నెల పెన్షన్ ఆలస్యమైతే ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి కట్టాడని తరవాత తెలిసింది.

కరోనా వచ్చిన ఏడాది జనవరిలో అందరివీ పూర్తయ్యాయి. డబ్బు కంపెనీకి పంపాను. రెండు వారాల్లో నా కమిషన్ నా ఖాతాలో పడింది. పదకొండు మంది మీద అరవై వేలు. ఒక్కసారిగా అంత డబ్బు ఆ దుకాణం పెట్టాక ఎప్పుడూ రాలేదు. మా అమ్మాయి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాను. దుకాణం ఇంటి యజమానికి పాతబాకీ ఇచ్చాను. మిగిలినదాంతో వాన కురిస్తే కారే దుకాణం కప్పు బాగు చేయించాను. మార్చి వచ్చేసరికి అందులో ఒక్క రూపాయి లేదు.

ప్రయాణం ఏప్రిల్లో. మార్చిలో అంతా ఆగిపోయింది. సింగపూర్‌కి విమానం టికెట్ల డబ్బు అందరూ విడిగా ఇస్తామన్నారు, రేటు తగ్గుతుందేమోనని చూస్తూ నేనింకా తీయలేదు. ఆ సంవత్సరం నాకు కలిసొచ్చింది అదొక్కటే.

ఓడ రద్దయిందని మెయిలు వచ్చింది. అది నాకొక్కదానికే వచ్చింది. పదకొండు మందిలో ఎనిమిదిమందికి మెయిలు అంటూ లేదు. ఉన్న ముగ్గురూ 'నీదే రాసీ' అన్నారు. అందుకని ఫారంలో అందరికీ నా మెయిలే రాశాను. మా పనిలో అందరూ చేసేదే. కస్టమర్లు రేపు తిన్నగా కంపెనీ దగ్గరకే పోకుండా ఉంటారని కూడా. ఆ రెండో కారణం కూడా చెప్పుకోవాలి కదా.

మెయిల్లో ఉన్నది ఇది. ప్రయాణికులు రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. కట్టిన డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, లేదా దానికి పావు వంతు కలిపి క్రెడిట్‌గా ఉంచుకోవచ్చు. ఆ క్రెడిట్‌తో రెండేళ్లలో ఎప్పుడైనా ఓడెక్కొచ్చు. రెండు వారాల్లో చెప్పాలి. చెప్పకపోతే క్రెడిట్ కిందే జమ.

అదే రోజు సాయంత్రం ఇంకో మెయిలు వచ్చింది. అది ఏజెంట్లకు మాత్రమే. ఈ కష్టకాలంలో మా పార్ట్‌నర్లకు అండగా ఉంటాం అని మొదలైంది. మీ కస్టమరు క్రెడిట్ తీసుకుంటే మీ కమిషన్ మీదే, డబ్బు వెనక్కి తీసుకుంటే మాత్రం కమిషన్ మాకు తిప్పి కట్టాలి అని ముగిసింది.

నేను ఆ రెండు మెయిళ్లనూ ఇంట్లో వంటగది గట్టు మీద ఫోను పెట్టుకుని చదివాను. బయట లాక్‌డౌన్. దుకాణానికి తాళం. మావారు పనిచేసే వర్క్‌షాపులో సగం జీతమే ఇస్తామన్నారు. అరవై వేలు తిప్పి కట్టాలంటే నా గాజులు అమ్మాలి. అమ్ముదామన్నా నగల కొట్లు మూసి ఉన్నాయి.

ముంబై సేల్స్ మనిషికి ఫోన్ చేశాను.

"మేడమ్, క్రెడిట్ ఇప్పించండి," అన్నాడు హిందీలో. "పావు వంతు ఎక్కువ వస్తోంది కదా. కస్టమరూ ఖుషీ, మీరూ ఖుషీ."

"కంపెనీ బాగానే ఉందా?"

"ముప్ఫయ్యేళ్ల కంపెనీ మేడమ్!"

మర్నాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. 'ఓడ రద్దయింది, మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, పైగా పావు వంతు ఎక్కువ ఇస్తున్నారు, ఇదంతా సర్దుకున్నాక వెళ్దాం.' డబ్బు వెనక్కి తీసుకోవచ్చన్న మాట ఆ కాగితం మీద లేదు. నేను అబద్ధం రాయలేదు. ఒక వాక్యం రాయలేదు, అంతే. అలా అని నాకు నేను ఎన్నాళ్లు చెప్పుకున్నానో.

ఎనిమిదిమంది సరే అన్నారు. కొందరు పావు వంతు ఎక్కువ అని సంతోషించారు కూడా. నర్సమ్మ ఒక్కతే సాగనివ్వలేదు.

"అవన్నీ నాకొద్దు. నా డబ్బులు నాకు ఇప్పించీ."

"క్రెడిట్ అయితే ఎక్కువ వస్తాయి నర్సమ్మా..."

"రేపు నేనుంటానో లేదో నాకే తెలీదు. క్రెడిట్ ఏటి చేసుకుంటాను? డబ్బులు ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పు."

"ఇస్తారు," అన్నాను.

"అయితే రాసీ."

రాశాను. అయిదు నెలలకు ఆమె డబ్బు మొత్తం వచ్చింది. ఆమె మీద వచ్చిన అయిదున్నర వేల కమిషన్ నా దగ్గర కోసేశారు. ఆ అయిదు నెలలూ ఆమెను తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది. నమ్మకం లేని మనిషి, అనుకునేదాన్ని.

బాబాయ్‌కి చివర్న చేశాను. కావాలనే చివర్న. ఆయన మొత్తం విన్నాడు. రెండు సార్లు చెప్పించుకున్నాడు. తరవాత అడిగాడు.

"నాకివన్నీ తెల్దమ్మీ. నీ సొంత డబ్బులే అయితే నువ్వేటి చేద్దువు? అది చెప్పు, అదే చేస్తాం."

వంటగదిలో పప్పు ఉడుకుతోంది. కుక్కరు కూత వేసింది. ఆ కూత ఆగేదాకా ఆగాను.

"క్రెడిటే తీసుకుంటాను బాబాయ్."

"మరింకేం. అలాగే చెయ్యి."

పక్కనుంచి పిన్ని గొంతు వినపడింది. "వచ్చే ఏడు వెళ్దాంలే, నా మోకాళ్లు అప్పటికి ఉంటాయో లేదో అడుగు," అని నవ్వింది.

వచ్చే ఏడు ఓడలు కదిలాయి గానీ, సింగపూర్‌లో ఉండేవాళ్లనే ఎక్కించుకుని, సముద్రంలో తిప్పి, అదే రేవులో దింపేవి. మనవాళ్లకు ప్రవేశం లేదు. క్రెడిట్ గడువు ఆరు నెలలు పొడిగించామని మెయిలు వచ్చింది. ఏజెంట్లకు కూడా ఇంకొకటి వచ్చింది. అందులో పార్ట్‌నర్ అన్న మాట లేదు. క్రెడిట్ గడువులోగా ప్రయాణం జరగకపోతే, ఇచ్చిన కమిషన్‌ను ఇకమీద మీరు చేసే బుకింగుల్లోంచి మినహాయిస్తాం అని ఉంది. అంటే, ఏ కమిషన్ కోసమైతే నేను బాబాయ్‌తో ఆ మాట అన్నానో ఆ కమిషన్ కూడా నాది కాదు.

సేల్స్ మనిషికి ఫోన్ చేసి గట్టిగానే అరిచాను. జిరాక్సు దాదా మిషను ఆపేసి నా వంక చూశాడు. "కీ హోలో, దీదీ?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. ఏమయిందో చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి.

రెండో ఏడు చివర్లో పిన్నికి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడు సార్లు డయాలసిస్. బాబాయ్ పెన్షన్ ఎంతో నాకు తెలుసు. రైల్వే ఆసుపత్రిలో రోజులు దొరక్క, కొన్నిసార్లు బయట చేయించాల్సి వచ్చేది. ఒక పొద్దున్న ఆయన దుకాణానికి వచ్చాడు. ఈసారి చేతిలో కవరు లేదు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు గానీ, గోడకేసి కాకుండా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మీ, ఆ ఓడ డబ్బులు ఇప్పుడు ఇమ్మంటే ఇస్తారేటి? మీ పిన్ని ఇంక ఎక్కలేదు."

"అడుగుతాను బాబాయ్."

"ఆ పావు వంతూ అక్కర్లేదు. మేం కట్టింది ఇస్తే చాలు. పోనీ, కొంచెం తగ్గించి ఇచ్చినా పర్లేదు."

ఆయన ఎదురుగానే కంపెనీకి ఫోన్ చేశాను. క్రెడిట్‌ను నగదుగా మార్చడం కుదరదన్నారు. వేరేవాళ్లకు అమ్ముకోవచ్చా అంటే, ప్రయాణికుడి పేరు మీదే ఉంటుంది, మార్చడానికి లేదన్నారు. డాక్టరు కాగితం పంపితే అన్నాను. పంపండి, పైకి పంపుతాం అన్నారు. పంపాను. నాలుగు సార్లు పంపాను. ప్రతిసారీ, మీ ఆరోగ్యం త్వరగా కుదుటపడాలని కోరుకుంటున్నాం అని జవాబు వచ్చేది. ఆ జవాబు కూడా నాకే వచ్చేది.

బాబాయ్ పిన్ని గొలుసు అమ్మాడు. తరవాత వారానికి మూడు సార్లు కాస్తా రెండయింది. డాక్టరే రెండు చాలన్నాడని చెప్పేవాడు. అది నిజమేనా అని నేను అడగలేదు. పిన్ని ఆ వేసవిలో చనిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. లక్షా ఎనిమిది వేలు చేతిలో ఉంటే ఆమె బతికేదని ఎవరూ అనలేదు. బతికేది కాదని కూడా నాతో ఎవరూ అనలేదు.

సమాధి కార్యక్రమంలో నేను పాట పాడాను. ఆమె నేర్పిన పాటే. గొంతు ఎక్కడా వణకలేదు. అందరూ బాగా పాడానన్నారు.

క్రెడిట్ గడువు ఇంకా ఉండగానే, ఆ వానాకాలంలోనే కంపెనీ మూతపడింది. పేపర్లో చిన్న వార్త వచ్చింది. కొన్నాళ్లకు విదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చడానికి నియమించిన ఆఫీసు నుంచి. క్రెడిట్లు ఉన్నవాళ్లు ఫారం నింపి పంపుకోవాలి, బ్యాంకుల బాకీలన్నీ తీరాక ఏమైనా మిగిలితే చూస్తాం అని. పది మంది తరఫునా నేనే నింపాను. పిన్ని ఫారంలో వారసుడి పేరు దగ్గర బాబాయ్‌తో సంతకం పెట్టించాను. అదే కట్టలో నాకు విడిగా ఇంకో కాగితం ఉంది. వెనక్కి రావలసిన కమిషన్ తాలూకు యాభై నాలుగు వేల చిల్లర నేను కంపెనీకి బాకీ ఉన్నానని, నెలరోజుల్లో కట్టాలని. కంపెనీ పదిమందికి ఇవ్వాల్సింది మిగిలితే ఇస్తుంది. నేను కంపెనీకి ఇవ్వాల్సింది మాత్రం నెలలో ఇవ్వాలి. ఆ కాగితానికి నేను జవాబు రాయలేదు. వాళ్లు మళ్లీ అడగలేదు. ఫారాలకూ జవాబు రాలేదు.

అప్పుడు డబ్బు వెనక్కి అడగొచ్చన్న విషయం బయటపడింది నర్సమ్మ వల్ల. ఆమెకు ఏ దురుద్దేశమూ లేదు. చర్చిలో టీ తాగుతూ ఎవరో కంపెనీని తిడుతుంటే, "నేనైతే ఆ రోజే నా డబ్బులు అడిగీసేను, వచ్చీసినాయి," అంది. పక్కన బాబాయ్ ఉన్నాడు. ఆ ఆదివారం ఆయన టీ కప్పు సగంలోనే కింద పెట్టి వెళ్లిపోయాడు. సోమవారం దుకాణం తెరిచేసరికే మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"నర్సమ్మకి డబ్బులు వచ్చీసినాయంట. నిజమేనా?"

"నిజమే బాబాయ్."

"అడిగితే మాకూ వచ్చునా?"

"వచ్చేవి."

"అడగొచ్చని మాకు తెల్దు గదేటి. కాయితం నీకొచ్చింది." ఆయన గొంతు పెంచలేదు. యార్డులో ఒక బస్తా తక్కువొస్తే లెక్క అడిగినట్టు అడిగాడు. "నీ సొంత డబ్బులయితే ఏటి చేద్దువని నేను అడిగినాను. అడిగినానా, లేదా?"

"అడిగావు."

"మరలాగ చెప్పినావేటి?"

ఇక దాచలేదు. రెండో మెయిలు సంగతి చెప్పాను. కమిషన్ ముందే ఖర్చయిపోయిందని, వాళ్లు డబ్బు వెనక్కి తీసుకుంటే నేను తిప్పి కట్టాల్సి వచ్చేదని చెప్పాను. మా అమ్మాయి ఫీజు సంగతి చెప్పబోయి ఆగిపోయాను. జిరాక్సు దాదాకు తెలుగు రాదు. అయినా కాగితాల కట్ట తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

బాబాయ్ నా బల్ల మీది రసీదు పుస్తకం వంక చూశాడు.

"మా ఇద్దరి మీదా నీకెంతొచ్చింది?"

"పదకొండు వేలకి కాస్త తక్కువ."

"పదకొండు వేలు," అన్నాడు. మళ్లీ అన్నాడు, "పదకొండు వేలు. ఆ ముక్క ఆ రోజే చెప్పుంటే మేమే ఇచ్చీసుందుం గదమ్మీ. ఇదిగో నీ కష్టానికి అని ఇచ్చీసి, మిగిలింది తెచ్చుకుందుం. మీ పిన్ని అయితే ఇంకో వెయ్యి కలిపి ఇచ్చీది."

అది నిజం. నేను వాళ్లను నలభయ్యేళ్లుగా ఎరుగుదును, అది అచ్చంగా నిజం. అంత సులువైన దారి ఒకటుందని ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. కంపెనీ చూపించిన రెండు దారులే చూశాను. నా డబ్బు గురించి వాళ్లతో నోరు విప్పి మాట్లాడటం సిగ్గనుకున్నాను. వాళ్ల డబ్బు పోగొట్టడానికి మాత్రం సిగ్గు అడ్డం రాలేదు.

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను బస్‌స్టాపు దాకా వెనకాలే వెళ్లాను. ఆయన తిరిగి చూడలేదు. బస్సు వచ్చింది, ఎక్కాడు.

ఆ వారంలోనే మిగతా ఎనిమిదిమందికీ నేనే వెళ్లి చెప్పాను. ఎవరి నోటో వినేకంటే నా నోట వింటే మేలని. అది మేలు కాలేదు. అక్కచెల్లెళ్లలో పెద్దామె తలుపు వేసేసింది. ఒకాయన, "ఇన్నాళ్లూ కంపెనీని తిట్టుకున్నాం, అనవసరంగా," అన్నాడు. ఇంకొకావిడ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నేను కప్పు కింద పెట్టాక, "ఇంక మా ఇంటికి రాకమ్మా," అంది మర్యాదగా. పోయిన మొత్తం ఇవ్వగల శక్తి నాకు లేదు. నాకు వచ్చిన కమిషనైనా ఎవరిది వాళ్లకు తిప్పి ఇస్తానన్నాను. కొందరు తీసుకున్నారు. ఇద్దరు తీసుకోలేదు. యాభై పోతే అయిదు ఎందుకు అన్నారు.

బాబాయ్ తీసుకున్నాడు. నెలకి వెయ్యి చొప్పున పదకొండు నెలలు ఇచ్చాను. నేను షాలిమార్ వెళ్లి ఇచ్చేదాన్ని. ప్రతిసారీ ఎంచి చూసుకుని, తెల్లకాగితం మీద రసీదు రాసి, తేదీ వేసి ఇచ్చేవాడు. మొదటిసారి రసీదు ఇస్తూ, "ఇదిగోండి, చూసుకోండి," అన్నాడు. ఎవరితో అంటున్నాడో నాకు అర్థం కాలేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను 'మీరు' అనడం అదే మొదలు. కసిరినా, తిట్టినా పడేదాన్ని. పదకొండు నెలలూ ఆ 'మీరు' మారలేదు. ఆఖరి వెయ్యి ఇచ్చిన రోజున, "ఇక మీకు శ్రమ లేదు," అన్నాడు.

నా ఏజెన్సీ ఆ తరవాత ఎక్కువకాలం నడవలేదు. మావాళ్లు రావడం మానేశాక, బెంగాలీ కస్టమర్లతో అద్దె వెళ్లలేదు. ఇప్పుడు న్యూ టౌన్‌లో, ఐటీ ఆఫీసుల మధ్య ఉన్న ఒక ట్రావెల్ కంపెనీలో మళ్లీ జీతానికి పనిచేస్తున్నాను. యజమాని నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న. వచ్చేవాళ్లలో హైదరాబాదు వైపు పిల్లలు ఎక్కువ. మొదట ఇంగ్లీషులో మాట్లాడి, నా యాస విని, "మీరు తెలుగా ఆంటీ?" అంటారు. రద్దయితే డబ్బు ఎలా వెనక్కి వస్తుందో, క్రెడిట్ అంటే ఏమిటో, అందులో నాకేం మిగులుతుందో ముందే చెప్తాను. వాళ్లు వినరు. ఫోన్లో కేబిన్ ఫొటోలు చూస్తూ ఉంటారు.

పోయిన చలికాలం ఒక కొత్త ఓడల కంపెనీ ఏజెంట్లకు ఒక పెద్ద హోటల్లో తేనీటి విందు ఇచ్చింది. యజమాని నన్ను పంపాడు. తెర మీద ఓడ తిరుగుతోంది, పాట మోగుతోంది. మైకు పట్టుకున్న మనిషి ఆ ముంబై సేల్స్ మనిషే. కాస్త ఒళ్లు చేశాడు. విందు మొదలయ్యాక బల్లల మధ్య తిరుగుతూ నా దగ్గరకు వచ్చి, నా మెడలో కార్డు మీద పేరు చదివి, చేతులు చాపాడు.

"అరే, పార్ట్‌నర్! కోల్‌కతా, ఖిదిర్‌పూర్! మీరింకా ఫీల్డులోనే ఉన్నారా!"

"నావాళ్లు పది మంది ఉన్నారు," అన్నాను. "క్రెడిట్లు. ఫారాలు నింపి పంపాం. ఏమైనా తెలుసా?"

అతని మొహంలో నవ్వు చెదరలేదు. "అది పాత కంపెనీ మేడమ్. నా రెండు నెలల జీతం కూడా అందులోనే పోయింది." తరవాత కాస్త దగ్గరకు వంగి, "ఇక్కడ కమిషన్ అంతకంటే ఎక్కువ," అన్నాడు.

అతన్ని ఏమైనా అనాలని చాలాసార్లు మనసులో మాటలు కూడబెట్టుకున్నాను, బస్సుల్లో, వంట చేస్తూ. అక్కడ ఒక్కటీ నోటికి రాలేదు. అతను నాకు చెప్పింది నేను బాబాయ్‌కి చెప్పాను. చెప్పమని నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ప్లేటులో ఉన్న శాండ్‌విచ్ తినేసి, రేట్ల పుస్తకం తీసుకుని బయటికి వచ్చాను.

బస్సులో ఉండగా యజమాని ఫోన్ చేశాడు.

"ఎలా ఉందండీ? మనం అమ్మొచ్చా?"

"అమ్మొచ్చు," అన్నాను. "రేట్లు బాగున్నాయి."